కాళ్ల కింది నల్లమట్టి

నా చిన్నప్పుడు మా ఇంట్లో మట్టి నేల తీసేసి షాబాదు బండలు పరిపించాలనుకున్నారు. నెల్లికుదురు దగ్గరి మా ఊళ్లో అప్పటికి బండల ఇల్లంటే గొప్పే. అందరూ బండల నునుపు గురించి మాట్లాడేవాళ్లు కానీ వాటి కింద ఏం పోయాలన్నది ఎవరికీ పట్టలేదు. మా బాపుకు రేగడి చేనంటే ప్రాణం. పత్తి వేసినా మిరప వేసినా విరగపండే ఆ నల్లమట్టినే బండి మీద తెచ్చి నడింట్లో మోకాలెత్తు నింపేశాడు. "అన్నం పెట్టే మట్టి, ఇంట్ల ఉంటే మంచిదేనాయె" అన్నాడు.

మా నాయనమ్మ ఒప్పుకోలేదు. గుట్ట దగ్గరి గులక కలిసిన ఎర్ర మొరం తెచ్చి, తడిపి, దిమ్మిసతో గట్టిగా కొట్టాలని పట్టుబట్టింది. ఆమె బెంగంతా మా తాత గురించే. చూపు పోయిన ఆయన గోడ కూడా పట్టుకోకుండా, కేవలం అలవాటు మీద ఆ ఇంట్లో తిరిగేవాడు. వానకు రేగడి ఉబ్బి ఒక్క బండ పైకి లేచినా బోర్లా పడతాడు. ఆ మాట చెప్పినా బాపు "ఇంట్ల నీళ్లు ఎక్కడియే అవ్వా" అని కొట్టిపారేశాడు. మబ్బులు కమ్ముకొస్తున్నాయి, మేస్త్రీ తెల్లారే వస్తానన్నాడు.

నాయనమ్మ పొద్దు వాలుతుండగా రెండు మంచి కుండలు తెచ్చి ఒకదాంట్లో మొరం, రెండో దాంట్లో ఎండిన రేగడి కూరింది. రెండింట్లోనూ నీళ్లు పోసి, మూతుల మీద బరువైన రాళ్లు పెట్టింది. చిన్న పిడత పగిలినా రోజంతా సణిగే మనిషి మంచి కుండలను ఇలా వాడటం నాకు వింతగా అనిపించింది.

తెల్లవారి వేపపుల్ల నములుతూ వాకిట్లోకి వచ్చి కుండల దగ్గరికి పోయాను. మొరం కుండ పెట్టినది పెట్టినట్టే ఉంది. రేగడి కుండ నిలువునా పగిలి, నల్లటి ముద్ద బయటికి ఉబికి ఉంది. నా వెనకే వచ్చిన బాపు ముఖంలో కత్తివేటుకు నెత్తురు చుక్క లేదు. ఎండాకాలం ఆ చేను నెర్రెలు విచ్చడం, వాన పడగానే ఉబ్బి మూసుకుపోవడం ఆయన పుట్టినప్పటి నుంచి చూస్తున్నదే. చేనులో తెలిసిన సంగతి ఇంట్లోకి వచ్చేసరికి గుర్తుకు రాలేదు. మాకు ఇంత తిండి పెట్టే మట్టి మా తాతను పడగొట్టగలదన్న సంగతి నేను నమ్మలేకపోయాను.

"చేను మట్టి చేన్ల ఉంటెనే అందం కొడుకా" అంది నాయనమ్మ, కోపం లేకుండా.

బాపు మేస్త్రీని తిప్పి పంపించి, పోసిన మట్టినంతా తానే తోడేసి, మొరానికి బండి కట్టాడు. ఆ ఏడు వానలకు గోడలు అడుగు ఎత్తు దాకా నానిపోయినా ఒక్క బండా లేవలేదు. తాత ఎప్పటిలాగే ఇల్లంతా తిరిగాడు.

ఇప్పుడు జనగామలో మా మనవరాలు ఇల్లు బాగు చేయించుకుంటూ టైల్స్ రంగులు చూపిస్తుంటే, కింద ఏం పోస్తున్నరు బిడ్డా అని అడుగుతాను. నా చాదస్తానికి నవ్వుతుంది. నవ్వనీ. తెలియని వాటి గురించి నాకు అంత భయం లేదు. ప్రాణంగా చూసుకునే వాటి ముందే ఒక్క క్షణం ఆగి, ఇది ఇక్కడ ఉంటే ఎవరు పడతారో అని చూసుకుంటాను.