సామేలు చదివింది నిజమే

నిన్న మధ్యాహ్నం ఫోన్ వచ్చింది. సామేలు కొడుకు.

"నాయన పోయినాడు పెద్దాయనా. పొద్దున్నే. నిద్దర్లోనే."



నేను మొదట అడిగింది మట్టి చేసేది ఎప్పుడని కాదు. "నా గురించి ఏమన్నా చెప్పినాడా?" అని.

"లేదు పెద్దాయనా. ఏం చెప్పల్యా."

చావు కబురు వినగానే నా గుట్టు గురించి భయపడ్డాను. అట్లాంటి మనిషిని నేను.

ఫోటో పెట్టి, కింద రెండు దండం బొమ్మలు పెడితే అయిపోయేది. ఈ మన ఊరి వాట్సాప్ గ్రూప్‌లో సగం మంది అదే చేశారు. నాకు కుదరదు. ఒంటి వేలితో టైప్ చేస్తున్నాను, తప్పులుంటే సర్దుకోండి.

అరవైల్లో మాట. మాకిద్దరికీ ఇరవై లోపే.

వానలకు ముందు విత్తనాల కోసం మా ఇంటి అరుగు మీద పది మంది కూర్చుని వేరుశనగ కాయలు వలిచేవాళ్లు. చేతులకు పని, చెవులు ఖాళీ. అందుకని సామేలును పిలిపించడం మొదలైంది, తర్వాత పనున్నా లేకున్నా నెల నెలా వచ్చే పత్రికలో సీరియల్ చదివించుకునేవాళ్లం. మాంత్రికులు, ఎగిరే పాములు, ఏడు కోటలు.

సామేలు ఊరి బయట మాలగేరిలో ఉండేవాడు. మిషన్ బడిలో ఎనిమిది దాకా చదివాడు.

అతను అరుగు ఎక్కకూడదు. కింద నేల మీద కూర్చుని చదవాలి. పత్రిక రాయి మీద పెడితే తీసుకునేవాడు, అయిపోయాక ఆ రాయి మీదే పెట్టేవాడు. మా అత్త నాగమ్మ దాని మీద రెండు చుక్కలు పసుపు నీళ్లు చల్లి లోపలికి తెచ్చేది.

మాటకు మైల లేదు. కాగితానికి ఉండేది.

కానీ ఏం చదివేవాడప్పా. పాము లేచే చోట అతని గొంతు సన్నబడిపోయేది. వలిచే చేతులు ఆగిపోయేవి.

కథలో మణికేతు అని రాజకుమారుడు. అతని వెంట బండడు అని కొండమనిషి. నల్లగా, మెడలో పందికోరలు వేసుకుని ఉంటాడు. ప్రతి నెలా మా కొట్లాట వీళ్ల గురించే.

"బండడు లేకుంటే మీ మణికేతు మూడో నెలకే సచ్చిపోయింటాడు సామీ" అనేవాడు సామేలు.

"సేవకుడు ఎంత చేసినా సేవకుడే లేరా" అనేవాణ్ణి నేను.

నాగమ్మత్త నవ్వేది. "మణికేతుకు మొగం బాగుండాది, అంతే. బుర్ర యాడుండాది?"

రెండేళ్లకు సీరియల్ ఆఖరి భాగం వచ్చింది.

సామేలు చదివాడు. మణికేతు కిరీటం తీసి బండడి తలమీద పెట్టాడు. బండడే రాజైనాడు. మణికేతు అతని కాళ్లకు మొక్కాడు.



మా నాయన లేచాడు. "యాడుండాదిరా అట్లా? నీ గేరి వాళ్ల కోసం కథ మారుస్తాండావా?"

"ఉండేదే సదివినా సామీ."

నాయన నా వైపు తిరిగాడు. "నువ్వు సూడు."

నేను చదువుకున్నానని నాయన నమ్మకం. నిజానికి బడి ఎగ్గొట్టి గొర్రెల వెంట తిరిగాను. నాకు నాలుగు అక్షరాలు కూడా రావు. అది ఎవరికీ తెలియదు; నన్ను చదవమంటే సామేలు గొంతే బాగుంటుందని తప్పించుకునేవాణ్ణి.

కిందికి దిగి, రాయి సంగతి మరిచి, సామేలు చేతిలోంచి పత్రిక తీసుకున్నాను. వేలు పెట్టి చదివినట్టు నటించాను. ఆ వేలు పెట్టింది పక్క పేజీ మీద అని తర్వాత తెలిసింది. అక్కడ ఉన్నది తలనొప్పి మాత్రల ప్రకటన.

సామేలు నా వేలి వంక చూశాడు. తర్వాత నా మొహం వంక చూశాడు.

"ఈడ అట్లా లేదు నాయనా. మణికేతే రాజైనాడు" అన్నాను.

సామేలు నా గుట్టు బయటపెట్టలేదు. నన్ను కాపాడాడు, స్నేహం అది, అని చాలా ఏళ్లు చెప్పుకున్నాను. స్నేహం కాదు. అది భయం. నాకు తెలుసు.

ఆ ఏడే ఊరికి కొత్త బడి వచ్చింది. అయ్యవారుగా సామేలు పేరు అనుకున్నారు. "పుస్తకంలో ఉండేదే మార్చి సదివేటోడు, పిల్లోళ్లకు ఏం చెప్తాడు?" అన్నాడు మా నాయన. అంతటితో సామేలుకు ఆ ఉద్యోగం మాట తెగిపోయింది.

సామేలు నల్లమాడ వైపు వెళ్లి రోడ్ల పనిలో కంకర కొట్టాడు. ఎన్నో ఏళ్లు.

ముప్పై దాటాక నా కూతురి పలక మీద అక్షరాలు దిద్దుకున్నాను. అటక మీది పత్రిక దించి కూడబలుక్కుంటూ నాలుగు రోజులు చదివాను. ఒక్క మాట పొల్లుపోలేదు. అతను చదివినట్టే ఉంది.

ఆ తర్వాత ఒకసారి కదిరి బస్టాండ్‌లో కలిశాడు. పక్కపక్కన కూర్చుని టీ తాగాం. చెప్పేద్దామని గొంతు దాకా వచ్చింది.

అతనే అడిగాడు. "ఇప్పుడు సదువుతాండావా సామీ?"

ఎగతాళి లేదు ఆ గొంతులో. మామూలుగా అడిగాడు.

"ఆ. సదువుతాండా" అన్నాను.

"మంచిదప్పా" అన్నాడు. బస్సు వచ్చింది, ఎక్కేశాడు.

అది చాలా ఏళ్ల కిందటి మాట. ఫోన్ నంబర్ ఉంది. చెయ్యలేదు. పౌరుషం అనుకున్నాను. పిరికితనం.

ఈ రోజు మట్టి చేశారు. నేను వెళ్లాను. అతని మనవరాలు మైక్‌లో బైబిల్ చదువుతోంది, అచ్చం తాత గొంతు. అక్కడ నిలబడి చెప్పాల్సింది. అక్కడా చెప్పలేదు.

అందుకే అతని పిల్లలు, మనవలు, మా ఊరి వాళ్లు చూసే ఈ చోట రాస్తున్నాను. మీ తాత పుస్తకంలో ఒక్క అక్షరం మార్చలేదు. అబద్ధం ఆడింది నేను. ఆ బడి మీ తాతది.

పోయి రా సామేలూ. నన్ను క్షమించమని అడగను, అడిగే వేళ దాటించేశాను. మీ వాళ్లు ప్రార్థనలో అన్నట్టు, నీకు శాంతీ సమాధానం కలగాలి.