బావ స్వెట్టరుకి నూలు

మే నెలలో మా కోటబొమ్మాళి ఎండకి కోడి గుడ్డు పెట్టదు, ఉడికించిన గుడ్డే పెడుతుంది. అలాంటి ఎండలో నేను ఊలు కొనడానికి బయల్దేరాను.

కారణం మా బావ. రెండు కిడ్నీలూ పోయి డయాలసిస్ మీద ఉన్నాడు. ఒంట్లో రక్తం మెషీన్లోకి వెళ్ళి తిరిగొచ్చేదాకా మంచం కోళ్ళు చప్పుడయ్యేలా వణుకుతాడు. పైన ఏసీ. హిమాలయాల నుంచి నేరుగా గొట్టం వేసి ఆ గాలి తెచ్చారని నా అనుమానం. దుప్పటి కప్పితే, సూదులు గుచ్చిన ఎడమ చెయ్యి కనబడాలని నర్సమ్మ లాగేస్తుంది. అందుకని అక్క స్వెట్టరు అల్లుతానంది, ఎడమ చెయ్యి లేకుండా. చిన్నప్పుడు మిషన్ హాస్టల్లో నేర్చుకున్న విద్య.

నమూనా ఫోన్లో దొరికింది. మెడ దగ్గర మొదలెట్టి కిందికి అల్లుకుపోవాలి. మెరీనో అనే గొర్రె ఊలు వాడమని ఉంది. ఆ గొర్రె కోసం ఆమదాలవలస బజారంతా గాలించాను. గొర్రెలు దొరికాయి గానీ మాంసం కొట్లో, అదీ తోలు తీసేశాక.

“ఈ ఎండల్లో ఊలేటి బావూ? ఒంట్లో బాగున్నాదా?” అన్నాడు ఫ్యాన్సీ కొట్టతను. పసిపిల్లల టోపీలకి తెచ్చిన కోడిపిల్ల రంగు నైలాను ఊలు చేతిలో పెట్టాడు.

అక్క ముందు ఒక ముక్క అల్లి బావ మెడకి చుట్టింది. ఈ జబ్బుకి ఒళ్ళు ఊరికే దురద పెడుతుంది. సాయంత్రానికి మెడంతా రక్తం చారలు.

“ఒరే బామ్మర్దీ, ఇది గొర్రెదా, దూలగొండిదా?” అన్నాడు బావ.

“ఊలొద్దురా, నూలు తే,” అంది అక్క. “పుట్టిన కాణ్ణుంచి పంచె కట్టిన మనిషికి నూలు పడకపోద్దా?”

పొందూరు వెళ్ళి చేత్తో వడికి చిలపలుగా చుట్టిన నూలు తెచ్చాను. సాలీడు చూస్తే సిగ్గుతో గూడు ఖాళీ చేసి పోయేంత సన్నం. అక్క పోగు మీద పోగు కలిపి ఆ మెరీనో ఊలంత లావు తెప్పించింది. అల్లింది. ఉతికింది. ఉతికిన చేత్తోనే, మా ఇంట్లో ఏ నూలుబట్టకైనా పెట్టినట్టు, గంజి పెట్టేసింది. ఆరాక తెచ్చి కుర్చీలో వేస్తే స్వెట్టరు నిటారుగా కూర్చుంది. ఒంటిచెయ్యి చాపి కాఫీ అడుగుతున్నట్టే ఉంది.

బావ ఎన్నాళ్ళకో నవ్వాడు. “ఒసే, డయాలసిస్‌కి దీన్నే పంపెయ్. నాను ఇంటికాడ పడుకుంటాను.”

వేడినీళ్ళలో నానబెడితే గంజి వదిలింది. ఆ స్వెట్టరు వేసుకున్న మొదటిరోజు బావ మెషీను పక్కన గుర్రుపెట్టి నిద్రపోయాడు. నేను కారిడార్లోకి వెళ్ళి నిలబడ్డాను. లోపల ఉంటే నర్సమ్మ ముందు ఏడ్చేసేలా ఉన్నాను.

కానీ నూలు సాగుతుంది. స్వెట్టరు తొడల మీదికి దిగింది. అందులో బావ తగ్గిపోతున్నాడు. మెషీను నీరు తీసేస్తుంది సరే, కండ ఎవరు తీస్తున్నారో తెలీదు. అక్క చంకల దాకా విప్పి, కుట్లు తగ్గించి మళ్ళీ అల్లింది. కొన్నాళ్ళకి మళ్ళీ విప్పింది. విప్పినప్పుడల్లా మిగిలిన నూలు ఉండగా చుట్టింది. ఆ ఉండ మొదట నిమ్మకాయంత ఉండేది. తర్వాత మామిడికాయంత అయింది. ఇప్పుడు కొబ్బరికాయంత ఉంది. ఇది మాత్రం నేను పెంచి చెప్పడం లేదు.

“నన్ను కూడా ఇప్పీసి ఉండ సుట్టీవే,” అన్నాడు బావ. ఈసారి ఎవరం నవ్వలేదు.

“దారం కత్తిరించి ముడేసెయ్యరాదా అక్కా?” అన్నాను.

“కత్తిరించీసి? రేపు మీ బావ ఒళ్ళు సేస్తే? అదే నూలు మళ్ళీ ఎక్కణ్ణుంచి తెస్తావురా నువ్వు?”

బావ నా వైపు చూశాడు. నేను గోడ వైపు చూశాను.

అక్క ఆఖరి కుట్టు ముడి వెయ్యలేదు, పిన్నీసు పెట్టింది. డయాలసిస్ రోజు ఆటోలో బావ నా భుజానికి ఆనుకుని కళ్ళు మూసుకుంటాడు. బరువే తెలియదు. అతని స్వెట్టరు అంచు నుంచి దారం నా ఒళ్ళోని నూలు ఉండ దాకా వస్తుంది. ఆటో గతుకుల్లో పడినప్పుడల్లా దారం బిగుసుకోకుండా, ఆ నూలు ఉండని రెండు చేతులతో పట్టుకుంటాను.