ఎద్దుల పరుగుకు పెళ్లి ఫోకస్

ఆ రోజుల్లో నాకు తెలిసిన లోకంలో ఫోటో అంటే కదలని మనుషులే. పెబ్బేరులో మా మేనమామ స్టూడియోలో కొత్తగా పనికి కుదిరాను. పెళ్లిళ్లే మాకు తిండి పెట్టేవి. మా వైపు పెళ్లిలో కెమెరా లేపితే చాలు, అక్షింతలు వేయడానికి వచ్చినవాళ్లు చేతులు కిందికి జార్చి, ఊపిరి బిగబట్టి నిలబడిపోతారు. అందుకే మామ కెమెరాను సింగిల్ ఫోకస్‌లో పెట్టి, ఫోకస్ మార్చే మీట కదలకుండా దవాఖాన ప్లాస్టర్ అంటించాడు. బటన్ సగం నొక్కితే ఫోకస్ ఒకచోట ఆగిపోతుంది. ఆ తర్వాత ఎదుటివాళ్లు ఎటు పోయినా దానికి పట్టదు. "దాన్ని ముట్టకు బిడ్డా. జర ఇటు చూడుండ్రి అను, నొక్కు. గంతే," అన్నాడు మామ.

ఒకరోజు గద్వాల దిక్కు నుంచి ఎడ్ల పెద్దయ్య వచ్చాడు. (ఆయన్ను అందరూ అలాగే పిలిచేవారు.) మర్నాడు బండలాగుడు పోటీ, బండను ఎక్కువ దూరం లాగిన జతకు బహుమతి. "పెద్దెద్దుకు ఇదే ఆఖరు పోటీ. ఉరుకుతుంటే ఒక్క ఫోటో కావాలె. నిలవడ్డది వద్దు," అన్నాడు. మామకు ఆ రోజు పెళ్లి ఫోటోల పని ఉంది. ప్లాస్టర్ అంటించిన కెమెరా ఇచ్చి నన్ను పంపాడు.

కదిలేవాటికి వెంటాడే ఫోకస్ వేరే ఉంటుందని విన్నాను. దారి పొడుగునా ప్లాస్టర్ అంచు గోరుతో గీకుతూ, మామ మొహం గుర్తొచ్చి మళ్లీ అతికిస్తూ వెళ్లాను. మైదానంలో ఎద్దులకు ఎదురుగా నిలబడి బటన్ సగం నొక్కి పట్టుకున్నాను. డప్పు మోగింది, బండ కదిలింది, ఎద్దులు నా మీదికే వస్తున్నాయి. తెరలో అంతా మసక. ఏం చేయాలో తోచక, పెళ్లి అలవాటు కొద్దీ అరిచాను: "పెద్దయ్యా, జర ఇటు చూడు."

ఎద్దుల వెనక అదిలిస్తూ వస్తున్న ఆయన టక్కున ఆగాడు. చెర్నకోల కిందికి దించి, రుమాలు సర్దుకుని, నావైపు చూస్తూ నిటారుగా నిలబడ్డాడు. నేను నొక్కేశాను. అదిలింపు ఆగేసరికి ఎద్దులూ ఆగాయి. రెండు బారల తేడాతో బహుమతి పోయింది.

మూడు రోజులు నాకు అన్నం సయించలేదు. నాలుగో రోజు ఆయన స్టూడియోకు వచ్చాడు. ఫోటోలో ముందున్నది మబ్బు లాంటి మసక. వెనక, ఫోకస్ ఆగిన చోట నిలబడ్డ పెద్దయ్య మాత్రం మీసంలో వెంట్రుకతో సహా స్పష్టంగా ఉన్నాడు.

"ఎద్దులేవి బిడ్డా?"

"గవే, పెద్దయ్యా," అన్నాను మసకను చూపిస్తూ. ప్లాస్టర్ సంగతి చెబుదామని నోరు తెరిచాను.

నేను మాట ఎత్తేలోపే ఆయన ఫోటోలో తన మొహం మీద వేలు పెట్టాడు. "నువ్వేం చేస్తవులే. ఉరుకుడు ఆపింది నేను. నా ఎద్దుకు నేనే అన్యాయం జేసిన," అని కళ్లు తుడుచుకుని, ఫోటోను రుమాలులో చుట్టుకుని వెళ్లిపోయాడు.

తప్పు నాదని ఆ ఒక్క మాట అనలేకపోయాను. ఇప్పుడు నా సొంత స్టూడియోలో, ఏ ఫోకస్ ఎప్పుడు పెట్టాలో కొత్తవాళ్లకు నేనే నేర్పుతాను. చక్కగా చెప్తానని పేరు కూడా ఉంది. నవ్వొస్తుంది. వాళ్లందరికీ చెప్పగలిగాను గానీ, చెప్పాల్సిన ఆ ఒక్క మనిషికి ఇంకా చెప్పలేదు.