స్టిక్కర్లు పీకిన శుక్రవారం

ఇప్పుడు కెనడాలో చదువుతామని పిల్లలెవరైనా ఫోన్ చేస్తే పెద్దరికంగా సలహాలు ఇస్తుంటాను గానీ, మేము దిగిన ఆ రోజుల్లో మాకు సలహాలిచ్చేవాళ్ళు తక్కువ, మాలాంటివాళ్ళు కోకొల్లలు. ఎయిర్‌పోర్టులో సామాను బెల్టు దగ్గర నిలబడితే హన్మకొండ బస్టాండులో నిలబడ్డట్టే ఉండేది. కాఫీ షాపులో ఒక్క ఉద్యోగం ఉందంటే చాలు, మంచులో లైను కట్టేవాళ్ళం, లైనంతా తెలుగే వినపడేది. అలాంటి కాలంలో వాన్ అనే ఊళ్ళో నాకు, గోడౌన్‌లో పెట్టెలు మోసే బాధ లేకుండా, గిఫ్టుల కొట్లో వెచ్చగా కూర్చుని రిబ్బన్లు కట్టే పార్ట్‌టైం దొరికింది. దాన్ని నేను ఎంత భయంభయంగా కాపాడుకున్నానో, మా ఇంటి ఓనరు ఆంటీ అంత ప్రేమగా దాన్ని ఊడగొట్టబోయారు. (ఆ ప్రేమ తలుచుకుంటే ఇప్పటికీ పళ్ళు నూరుతాను.)

ఆంటీది తెనాలి. పెళ్ళయ్యాక డాలస్, అక్కణ్ణుంచి అంకుల్ ఐటీ ఉద్యోగం వెంట ఇక్కడికి. పైన వాళ్ళు, కింద బేస్‌మెంట్‌లో నేను. బట్టలుతికే మెషీన్ నా గది బయటే ఉండేది కాబట్టి బట్టల బుట్ట పట్టుకుని ఆవిడ ఎప్పుడు పడితే అప్పుడు దిగొచ్చేవారు. దిగితే నా గిన్నెల మూతలు తీసి చూడందే పైకెక్కేవారు కాదు. "ఏంటే పిల్లా, పప్పులో ఇంత కారమా! కడుపు ఏమైపోద్ది?" అనేవారు, అంటూనే ఒక గిన్నెడు పట్టుకెళ్ళేవారు. ఇక చుట్టుపక్కల తెలుగువాళ్ళ ఇళ్ళలో సీమంతమైనా, ఓణీల ఫంక్షనైనా, రిటర్న్ గిఫ్టుల సంగతి ఆవిడ చూడాల్సిందే. నేను ఆ కొట్లో చేరినప్పటి నుంచీ "నన్నడగవే, నేను చెప్తాగా" అని వెంటపడేవారు. నేను అడిగేదాన్ని కాదు, అదే ఆవిడ బాధ.

కొట్టు యజమాని ఒక యూదుల పెద్దావిడ. టేపు చుట్టని గాజులాగా మణికట్టుకి వేసుకుని తిరుగుతారు కాబట్టి మనసులో ఆవిడకి టేపు మేడమ్ అని పేరు పెట్టుకున్నాను. (పైకి మాత్రం పేరుతోనే పిలవాలని పట్టుపట్టారు. అమ్మమ్మ వయసు మనిషిని పేరు పెట్టి పిలవడానికి నాకు నోరు తిరగడానికి చాలా కాలం పట్టింది.) ఆ డిసెంబరులో మేడమ్ మనవరాలి బాట్ మిట్స్వా వచ్చింది. పన్నెండేళ్ళు నిండిన ఆడపిల్లని మతధర్మాల విషయంలో ఇక పెద్దదానిగా ఎంచే వేడుక అది. శనివారం పొద్దున ప్రార్థన మందిరంలో అందరి ముందూ ఆ పిల్ల మాట్లాడుతుంది, చుట్టాలు ఊరూరి నుంచీ దిగుతారు. అలా వచ్చి హోటల్లో ఉండే ప్రతి కుటుంబానికీ గదిలో ఒక స్వాగతం సంచి పెడతారు. నీళ్ళ సీసాలు, తినుబండారాలు, ఏ కార్యక్రమం ఎక్కడో చెప్పే కార్డు, ఆ పిల్ల చేత్తో గీసిన బొమ్మ, ఇవీ అందులో పెట్టేవి.

అయితే మేడమ్‌కి నిద్ర పట్టకుండా చేసింది మాంట్రియల్ నుంచి రాబోయే ఆవిడ అక్క. వాళ్ళలో ఆచారం ప్రకారం తినదగిన తిండిని కోషర్ అంటారు. ఎలా వండారో, పాలూ మాంసమూ కలవకుండా చూశారో లేదో పర్యవేక్షించే మనిషి ఉంటాడు, సరిగ్గా ఉన్న సరుకు మీద ముద్ర పడుతుంది. మేడమ్ ఇంట్లో ఆచారం కొంచెం చూసీ చూడనట్టు నడుస్తుంది. అక్కగారు అలా కాదు, నిప్పు. ఎన్నో ఏళ్ళుగా చెల్లెలి ఇంట్లో ఏ శుభకార్యం జరిగినా, వచ్చి పక్కనే కూర్చుని, తను తెచ్చుకున్న డబ్బా విప్పుకుని తింటారట. "నా డైనింగ్ టేబుల్ మీద, నా పక్కన, తన డబ్బా!" అని మేడమ్ రిబ్బను కత్తిరిస్తూ కత్తెరతో గాలిని పొడిచేవారు. (ఇంగ్లీషులోనే అన్నారు, నేను నా తెలుగులో చెప్తున్నాను.) "ఈసారి గదిలోకి రాగానే నా సంచి చూడాలి. ప్రతి దాని మీదా ముద్ర ఉండాలి. నా చేతిది ఒక్క ముక్క తింటే, ఇంట్లో కూడా తింటుందేమో." అందుకే తినుబండారాలన్నీ ఒకే కోషర్ బేకరీ నుంచి, మూత మీద సీలు స్టిక్కరు వేసిన డబ్బాల్లో తెప్పించారు. ధరా ముద్రా రెండూ ఆ స్టిక్కరు మీదే ఉన్నాయి.

గురువారం సాయంత్రం కొట్టు నిండా ఎవరిదో పెళ్ళి ఆర్డరు. సంచులు సర్దడానికి చోటు లేక మేడమ్ అన్నీ వ్యానులో వేసుకొచ్చి మా బేస్‌మెంట్‌లో దింపారు. "ఇవి నా సొంత సంచులు, నీ చేతిలో పెడుతున్నా" అన్నారు. నేను కార్డులూ బొమ్మలూ సర్దాను. శుక్రవారం పొద్దున క్లాసు ఉంది, వచ్చాక డబ్బాలు పెట్టి రిబ్బన్లు కడితే సరిపోతుంది, మధ్యాహ్నం మేడమ్ వచ్చి పట్టుకెళ్తారు. శుక్రవారం పొద్దు గూకితే వాళ్ళకి విశ్రాంతి దినం మొదలు, ఇక కొనడాలూ బండి నడపడాలూ ఉండవు, ఆ కాలంలో పొద్దేమో నాలుగున్నర దాటగానే గూకుతుంది. క్లాసులో కూర్చున్నంతసేపూ నా ధ్యాస సంచుల మీదే.

ఇంటికొచ్చి మెట్లు దిగుతుంటేనే కొబ్బరినూనె వాసన కొట్టింది. మెషీన్ పక్కన ఆంటీ బాసింపట్టు వేసుకుని కూర్చున్నారు, ఒళ్ళో గుడ్డ, చేతిలో నూనె గిన్నె. చుట్టూ సంచులన్నీ రిబ్బన్లు కట్టి, మా ఇళ్ళల్లో పెళ్ళికి పెట్టినంత అందంగా నిలబెట్టి ఉన్నాయి. "సర్ప్రైజ్!" అన్నారు ఆంటీ. డబ్బాలు తళతళలాడుతున్నాయి. మూతల మీద ఒక్కటంటే ఒక్క స్టిక్కరు లేదు.

"ఆంటీ, స్టిక్కర్లేవి? మూతల మీద స్టిక్కర్లుండాలె గదా!"

"అదే చెప్తున్నా. ధర కనపడేట్టు ఎవరైనా ఇస్తారంటే? చుట్టాలు నొచ్చుకోరూ? అవి ఊడి చస్తేనా! నూనె రాసి, నానబెట్టి, గోరుతో గీకి గీకి నా వేళ్ళు పడిపోయినయ్."

నెత్తి కొట్టుకుంటూ సంగతంతా చెప్పాను. ఆంటీ అంతా విని, ఏమాత్రం కంగారు పడకుండా, మెషీన్ మూత చూపించారు. ఏదీ పారేసే అలవాటు లేని మనిషి కాబట్టి పీకిన స్టిక్కర్లన్నీ దాని మీద వరసగా అంటించి పెట్టుకున్నారు. "ఎక్కడికి పోయినయ్? ఇవిగో. మళ్ళీ అంటించేద్దాం." అంటించబోతే నూనెకి ఒక్కటీ నిలవదు! ఒకటి నొక్కితే ఇంకోటి జారిపోతుంది. "ఇంకా గట్టిగా నొక్కవే" అంటారావిడ. ఒళ్ళు మండిపోయి "మీకు దండం పెడత, మీరు పైకి పోండ్రి ఆంటీ" అన్నాను. పోలేదు. బేకరీకి ఫోన్ చేస్తే మూసేశామని రికార్డు పలికింది. నా ఉద్యోగం సంగతి నాకు అర్థమైపోయింది. అంతలోనే బయట వ్యాను ఆగిన చప్పుడు.

మేడమ్ లోపలికొచ్చి, సంచులు చూసి ముందు మురిసిపోయి, తర్వాత డబ్బా చేతిలోకి తీసుకున్నారు. నేను నసుగుతూ నసుగుతూ చెప్పాను. అరుస్తారనుకున్నాను. ఆవిడ ఆంటీ బట్టల బుట్ట మీద కూలబడ్డారు, అది చూసి నాకు ఇంకా భయమేసింది. "మా అక్క దీనికోసమే కాచుకుని ఉంది" అన్నారు చివరికి. ఆంటీ తన డాలస్ ఇంగ్లీషులో ధైర్యం చెప్పారు: "మీ చేతికి టేపుంది గదండీ. స్టిక్కరు మీద టేపేసేయండి, ఎవరికి తెలుస్తుంది?"

మేడమ్ మణికట్టు మీది టేపు వైపు చూశారు. టేపు చివర గోరుతో లేపారు కూడా. నేను మనసులో "వెయ్యండి, వెయ్యండి" అనుకుంటున్నాను, నిజం చెప్పాలంటే నాకు ఆ పూట అక్కగారి నియమం కన్నా నా ఉద్యోగమే ముఖ్యం. ఆవిడ టేపు చివర మళ్ళీ నొక్కేసి, "తెలియదు కాబట్టే వేయకూడదు" అన్నారు. నాకు ఆవిడ మీద కూడా కోపం వచ్చింది.

"పోనీ ముద్ర లేకుండా ఆవిడేం తింటారండీ?" అని ఆంటీ నిలదీశారు. కోయని పండు తింటుంది, దానికి ఏ ముద్రా అక్కర్లేదు, అన్నారు మేడమ్. "హవ్వ! ఆ ముక్క ఇందాకే చెప్తే ఈ పాటికి అయిపోయేది గదండీ" అంటూ ఆంటీ కోటు తగిలించుకున్నారు. ఎవరూ పిలవకుండానే వ్యాను ముందు సీట్లో కూర్చున్నారు. నేను వెనక సంచుల మధ్య ఇరుక్కున్నాను.

కమలాపండ్లూ ఆపిళ్ళూ పెట్టెలకి పెట్టెలు కొని, హోటల్ పార్కింగులోనే వ్యాను తలుపు తెరిచి, చలికి వేళ్ళు కొంకర్లు పోతుంటే డబ్బాలు తీసి పండ్లు సర్దడం మొదలెట్టాం. కాసేపటికి చూద్దును గదా, ఆంటీ ఆపిల్ మీద కంపెనీ వాడు అంటించిన బుల్లి స్టిక్కరు గోరుతో గీకుతున్నారు! "ఆంటీ!" అని నేను అరిచిన అరుపుకి పార్కింగులో పావురాలు లేచిపోయాయి. "అలవాటే, ఏం చెయ్యను" అని ఆవిడ చేతులు జేబుల్లో పెట్టుకున్నారు.

సంచులు మోసుకుని లోపలికి వెళ్తే, ఖర్మ కొద్దీ అక్కగారు ముందే వచ్చేసి లాబీలో కూర్చుని ఉన్నారు. మేడమ్ కన్నా పొట్టి మనిషి, నిటారుగా కూర్చున్నారు, పక్క కుర్చీలో తిండి డబ్బా ఉన్న సంచి. మేడమ్ మొదట అక్కని ముద్దు పెట్టుకున్నారు, తర్వాత ఎదురుగా నిలబడే జరిగిందంతా చెప్పేశారు, బడిలో టీచరు ముందు చెప్పుకున్నట్టు. మధ్యలో ఆంటీ ముందుకొచ్చి, "పీకింది నేనేనండీ. మా వాళ్ళల్లో ధర చూపించి పెట్టడం మర్యాద కాదు" అన్నారు. నేను నేల చూపులు చూస్తున్నాను. అక్కగారు ఆంటీని పైనుంచి కిందికి చూసి, చెల్లెలి వైపు తిరిగారు.

"మళ్ళీ అంటించి ఇచ్చి ఉండొచ్చుగా?"

"ఇచ్చి ఉండొచ్చు."

"నేను తినేసేదాన్ని."

"తెలుసు. అందుకే ఇవ్వలేదు."

అక్కగారు సంచిలో చెయ్యి పెట్టి ఒక కమలాపండు తీసి, తీరిగ్గా ఒలిచి, సగం చెల్లెలికి ఇచ్చారు. ఇద్దరూ తిన్నారు. గింజలు రుమాల్లో ఊసి మడిచాక, "రాత్రికి ఏం వండావు?" అని అడిగారు అక్కగారు. "కోడి సూపు, ముద్ర ఉన్న కోడితోనే. అమ్మ చేసినట్టే" అన్నారు మేడమ్. అక్కగారు పక్క కుర్చీలోని డబ్బాని నాకు అందించారు. "అమ్మాయ్, దీన్ని నా గదిలో పెట్టిరా. ఇవాళ దీంతో పని లేదు." మేడమ్ గోడ వైపు తిరిగి కళ్ళు తుడుచుకున్నారు, ఆంటీ అయితే దాచుకోకుండానే ఏడ్చేశారు.

అంత పెద్ద సంగతి నా కళ్ళ ముందు జరుగుతుంటే నేనేం చేశానో చెప్పమంటారా? పొద్దు గూకితే మేడమ్ బండి నడపరు, మమ్మల్ని ఇంటికి దింపరు, ఇప్పుడు వెళ్ళకపోతే బస్సు పోతుంది అని లోలోపల ఉడికిపోతూ, ఆ డబ్బా పట్టుకుని లిఫ్టు దగ్గరికి పరిగెత్తాను. గదిలో దాన్ని ఏ బల్ల మీద పడేశానో కూడా చూసుకోలేదు. నా ఉద్యోగం పోలేదు, బస్సు మాత్రం పోయింది, దారంతా ఆంటీతో పోట్లాడుతూ మంచులో నడిచొచ్చాను. ఇప్పుడైతే బస్సు పోతే పోయిందని ఆ లాబీలో ఒక మూల కూర్చుని, వాళ్ళిద్దరూ ఆ పండు తినడం పూర్తిగా చూసేదాన్ని.