చిలకలు లేవన్న బావ

మా బావ కాళ్లు ఒక చోట నిలవవు. అన్నం తింటూ రెండుసార్లు లేస్తాడు, గడ్డం గీసుకుంటూ వీధిలోకి వెళ్లి వస్తాడు. ఆయన కుదురుగా కూర్చోగా నేను చూసింది చిలక పిల్లల ముందే. ఇంటి ముందుగది పక్షుల దుకాణం, వెనక కాపురం. మేత ముట్టని పిల్ల ఏదైనా ఉంటే నానిన గింజలు తానే నమిలి, దాని ముక్కును పెదవుల మధ్య పెట్టుకుని తినిపిస్తాడు. ఆ విద్య వాళ్ల నాన్న నేర్పాడట. "కట్టుకున్నదాన్ని ఒక్కరోజైనా ఇలా బుజ్జగించావా బావా?" అని ఎత్తిపొడిస్తే, "మీ అక్క తనే తింటుంది గదే" అనేవాడు.

అక్క తినేదే. పొద్దున్నే చీపురు పట్టుకుని పంజరాల కింద ఎండిన రెట్టలు, ఈకలు ఊడ్చేది కూడా. గదంతా దుమ్ము లేచేది. ఆ పని మాత్రం బావ ఎన్నడూ ముట్టలేదు.

అక్కకు జ్వరం పట్టుకుంది. తల పగిలిపోయే నొప్పి, పొడి దగ్గు. వీధి చివరి డాక్టరు సూదులు పొడిచాడు, తగ్గలేదు. చివరికి ఊపిరి అందకపోతే పెద్దాసుపత్రిలో చేర్చాం. మంచానికీ కిటికీకీ మధ్య బావ కాలుగాలిన పిల్లిలా తిరుగుతుంటే నాకు ఒళ్లు మండింది. "కూర్చో బావా, నేల అరిగిపోతుంది" అన్నాను.

డాక్టరమ్మ వచ్చి ఎక్స్‌రే చూసింది. "ఊపిరితిత్తుల్లో నిమ్ము చేరింది. మందు పనిచేయట్లేదంటే ఇది వేరే క్రిమి అయ్యుండాలి. ఇంట్లో పశువులు, పక్షులు ఏమన్నా ఉన్నాయా?"

"లేవండి" అన్నాడు బావ.

నేను నోరు తెరిచేలోపే ఆమెను పక్క గదిలోకి పిలిచారు. బావను చొక్కా పట్టుకుని వరండాలోకి లాక్కెళ్లాను.

"ఏం కూశావు బావా? ఇల్లంతా రెక్కలే గదా!"

"చెప్తే వచ్చి అన్నిటినీ చంపేస్తారే. పై వీధిలో కోళ్లకి జబ్బొస్తే గోతిలో పూడ్చలేదూ? అయినా వాటి వల్లయితే ముందు నాకు రావాలి. నోట్లో నోరు పెట్టేది నేనే గదా!"

"నువ్వు చెప్తావా, నన్ను చెప్పమంటావా?"

లోపల అక్క దగ్గింది. దగ్గు ఆగలేదు. బావ పక్క గదిలోకి పరుగెత్తాడు, వెనకే నేను.

"చిలకలున్నాయమ్మా. మాది పక్షుల దుకాణమే. అబద్ధం చెప్పాను."

ఆమె తిట్టలేదు. నాలుగు తిడితే నాకు హాయిగా ఉండేది. "చిలకల నుంచి వచ్చే ఈ క్రిమి కణాల లోపలికి దూరి అక్కడే పెరుగుతుంది. మీరు వాడిన మందు దాన్ని ఏమీ చేయలేదు. కణంలోకి వెళ్లి పనిచేసే మందు వేరే ఉంది" అంది. ఇంటి దొంగను ఈశ్వరుడైనా పట్టలేడంటారు. నేను బావ వైపే చూశాను.

"మరి నాకెందుకు రాలేదండి?"

"అందరికీ ఒకేలా రాదు. తెలియకుండానే వచ్చి పోయుండొచ్చు. ఎండిన రెట్ట దుమ్ము పీల్చేవాళ్లకి ముప్పు ఎక్కువ. ఊడ్చేదెవరు?"

"మా ఆవిడేనండి" అన్నాడు బావ. ఆ వెంటనే, "చిలకల్ని ఏం చేస్తారు?" అన్నాడు.

"పశువుల డాక్టరుకి చూపించండి. మేతలో మందు కలిపి పెడితే వాటికీ తగ్గుతుంది. చంపడమెందుకు?"

బావ ఏడ్చాడు. నాకు జాలి వేయలేదు.

మందు మారాక జ్వరం దిగింది, అక్క ఇంటికి వచ్చింది. పంజరాలు పెరట్లోని రేకుల షెడ్డుకు మారాయి. బావ ముక్కూ నోరూ కట్టుకుని, నేల తడిపి తనే తుడుస్తున్నాడు. పిల్లలకు చెంచాతో మేత. అక్క వంటింటి గుమ్మంలో కూర్చుని చూస్తుంటుంది.

"డాక్టరమ్మ అడిగితే లేవన్నావట?" అంది ఒక పొద్దున. నేనే చెప్పాను, దాచడం నాకు చేతకాదు.

"భయమేసిందే."

"నేను పోతాననా, అవి పోతాయనా?"

గుడ్డ పిండుతున్న చేతులు ఆగిపోయాయి. మామూలుగా అయితే లేచి వీధిలోకి పోయేవాడు. ఈసారి కదల్లేదు.

"అప్పుడు... అవే."

అక్క షెడ్డు వైపు వేలు చూపించింది. "ఆ మూల మిగిలింది, తుడువు" అంది.