వదిన లెక్క తప్పలేదు

మొన్న జూలై నెలాఖరున కారుకి ఆయిల్ మార్పించడానికి ఇక్కడ అమెరికాలో, అరోరాలో ఒక షాపుకి వెళ్ళి కూర్చున్నాను. గోడ మీది టీవీలో టైలు కట్టుకున్న ఇద్దరు పెద్దమనుషులు ఏ బేస్‌బాల్ జట్టు ఎవరిని వదిలించుకోవాలో, ఎవరిని తెచ్చుకోవాలో కేకలేసుకుంటూ చెబుతున్నారు. బేస్‌బాల్‌లో జట్ల మధ్య ఆటగాళ్ళని మార్చుకోవడానికి ఆ నెలాఖరే గడువు. నా పక్కనాయన కాఫీ చప్పరిస్తూ, "ఆ కుర్ర పిచర్‌ని ట్రేడ్ చేసి పారేస్తే సరి" అన్నాడు, తనలో తను అనుకుంటున్నట్టు. పిచర్ అంటే మన క్రికెట్‌లో బౌలర్ లాంటివాడు. నాకు మా వదిన గుర్తొచ్చింది. కారు సిద్ధమైందని షాపువాడు రెండుసార్లు పిలిచాడట, నాకు వినపడలేదు.

మా వదిన స్టాటిస్టిక్స్‌లో పీహెచ్‌డీ చేసింది. ఆ రోజుల్లో అలాంటి చదువు చదివిన మనవాళ్ళు ఇన్సూరెన్స్ కంపెనీకో మందుల కంపెనీకో వెళ్ళేవారు. ఈవిడ పోయి పోయి ఒక బేస్‌బాల్ జట్టు ఆఫీసులో చేరింది. జట్టు పేరూ ఊరి పేరూ చెప్పను. తెలుగు చర్చిలో ప్రార్థన అయ్యాక కాఫీల దగ్గర ఎవరైనా ఉద్యోగం గురించి అడిగితే ఈవిడ ఓపిగ్గా చెప్పేది, వాళ్ళు మా అన్నయ్య వైపు జాలిగా చూసేవారు. ఒక పెద్దావిడైతే "టికెట్లు అమ్ముతావా తల్లీ?" అని అడిగింది. "దగ్గర దగ్గర అలాంటిదేనండీ" అంది వదిన.

2009 వేసవిలో నా ప్రాజెక్టు పోయి, ఇంకొకటి దొరక్క, వాళ్ళ బేస్‌మెంట్‌లో దిగాను. అప్పటికే నర్సాపురం నుంచి వదిన వాళ్ళమ్మగారు వచ్చి ఉన్నారు. నేను అత్తయ్యగారూ అని పిలిచేవాణ్ణి. పగలంతా ఇంట్లో ఇద్దరమే. ఆవిడ చేపల పులుసు వండుతూ నాకు ఉద్యోగం రావాలని ప్రార్థన చేసేవారు. ప్రార్థన సంగతేమో గానీ పులుసు మాత్రం ఏనాడూ వమ్ము కాలేదు.

ఆఫీసులో వదిన ఎదురు టేబుల్ ఒక ముసలాయనది. స్కౌటు. అంటే ఊరూరా తిరిగి, స్కూలు గ్రౌండ్లలో ఆడే కుర్రాళ్ళని కంచె పక్కన నిలబడి గమనించి, వీడు పైకొస్తాడు, వీడు రాడు అని చెప్పే మనిషి. అదే సంగతి కంప్యూటర్‌లో చూసి చెప్పడం వదిన పని. ఇద్దరికీ క్షణం పడదని ఆఫీసంతా ఎదురుచూశారట. వదిన పట్టుకెళ్ళిన పులిహోర ఆ ముచ్చట తీరనివ్వలేదు. ఆయన సగం డబ్బా ఖాళీ చేసి, వేరుశెనగలు మిగిలితే ఏరుకుని తినేవాడు.

ఆ ముసలాయనే ఒక సోమవారం సాయంత్రం ఒక కుర్రాణ్ణి భోజనానికి తీసుకొచ్చాడు. ఇరవై ఏళ్ళుంటాయి. గుమ్మంలో తల వంచి లోపలికి రావలసినంత పొడుగు. మేముండే ఊరికి గంట దూరంలో, వదిన వాళ్ళ జట్టే కుర్రాళ్ళని తయారుచేసుకోవడానికి నడిపే చిన్న జట్టులో పిచర్. రెండు మూడేళ్ళలో పెద్ద జట్టుకి వస్తాడని అందరూ ఆశ పెట్టుకున్న కుర్రాడు. వాళ్ళ ఊరి గ్రౌండులో అతన్ని మొదట చూసింది ముసలాయనే. "నీ కొడుకు చెయ్యి నేను కాపాడతాను" అని వాళ్ళమ్మకి మాటిచ్చి మరీ సంతకం పెట్టించాడట. అత్తయ్యగారు వాడి జీతం ఎంతో నా చేత అడిగించి, విని, "మా ఊళ్ళో బస్సు కండక్టరు నయం కదరా" అని ఇంకో రెండు చేప ముక్కలు వేశారు. వెళ్ళేముందు వాణ్ణి కుర్చీలో కూర్చోబెట్టి, కుడిచెయ్యి పట్టుకుని తెలుగులో ప్రార్థన చేశారు. ఒక్క ముక్కా అర్థం కాకపోయినా వాడు కళ్ళు మూసుకుని చివర్న గట్టిగా "ఆమెన్" అన్నాడు.

జూలై వచ్చేసరికి జట్టు మొదటి స్థానానికి కూతవేటు దూరంలో ఉంది. ఒక మంచి బ్యాటర్ దొరికితే గట్టెక్కుతారు. అలాంటివాణ్ణి ఇవ్వడానికి వేరే జట్టు ఒప్పుకుంది. దారులు రెండు. అతని పెద్ద జీతంలో మిగిలినదంతా మనవాళ్ళే భరిస్తే ఒక సాదాసీదా కుర్రాణ్ణి ఇస్తే చాలు. జీతం వాళ్ళే కట్టుకునేట్టయితే మాత్రం మన పొడుగు పిచర్‌ని ఇవ్వాలి. వదిన రెండు దారులూ రాసి ఇచ్చింది. మాంద్యం రోజులు, స్టేడియంలో సగం కుర్చీలు ఖాళీ. పైసా ఎక్కువ పెట్టనని ఓనరు తేల్చేశాడు. జనరల్ మేనేజర్ వదినని పిలిచి ఒకే మాట అడిగాడు: "ఆ కుర్రాడి చెయ్యి నిలుస్తుందా?"

అంత చిన్న వయసులో అంత వేగంగా విసిరినవాళ్ళ లెక్కలన్నీ వదిన చూసి ఉంది. నిలవడం కష్టమంది. "అయితే గిరాకీ ఉండగానే ఇచ్చేద్దాం" అన్నాడాయన.

ముసలాయన వదిన టేబుల్ దగ్గరికి వచ్చి నిలబడ్డాడట. "వాళ్ళమ్మకి మాటిచ్చాను. వేరే జట్టులో వాడి చెయ్యి ఎవరు చూసుకుంటారు?" అన్నాడు. "తెలుసు. కానీ నన్ను అడిగిన ప్రశ్న అది కాదు" అంది వదిన. ఆయన తలూపి వెళ్ళిపోయాడు. ఆ తర్వాత డబ్బా తెరిచినా ఎదురు టేబుల్ నుంచి చెయ్యి రాలేదు.

ఆ సాయంత్రం టీవీలో కుర్రాడి ఫొటో చూసి అత్తయ్యగారు వంటింట్లోంచి వచ్చారు.

"మన పిల్లాడేగా? ఏమైందే?"

"వేరే టీమ్‌కి ట్రేడ్ అయ్యాడమ్మా."

"అంటే అమ్మేశారా?"

"అమ్మడం కాదమ్మా, మార్చుకోవడం."

"వాణ్ణి అడిగారా?"

వదిన రిమోట్ తీసుకుని టీవీ కట్టేసింది. ఆ రాత్రి ఎవరం సరిగ్గా తినలేదు.

కొత్త బ్యాటర్ బాగానే ఆడాడు. జట్టు ప్లేఆఫ్స్‌కి, అంటే సీజను చివరి నాకౌట్ పోటీలకి, వెళ్ళి మొదటి రౌండులోనే ఇంటికొచ్చింది. ఆ చలికాలమే ముసలాయన రిటైరయ్యాడు. ఆపై ఏడాది కుర్రాడి మోచేతికి ఆపరేషన్, తర్వాత భుజానికి, ఆ తర్వాత ఆ కొత్త జట్టువాళ్ళూ వదిలేశారు. పెద్ద స్టేడియంలో వాడు ఒక్క బంతి కూడా విసరలేదు. వదినకి ప్రమోషన్ వచ్చింది. "నీ లెక్క కరెక్టయిందిగా, ఎందుకలా ఉన్నావ్?" అన్నాడు అన్నయ్య. "జీతం మనమే కడదాం, వాణ్ణి ఉంచుకుందాం అని గట్టిగా ఒక్కసారి అని ఉండొచ్చు. అన్లేదు" అంది. రెండేళ్ళకి ఆ ఉద్యోగం మానేసి కాలేజీలో పాఠాలు చెప్పుకుంటోంది.

కిందటేడు ముసలాయన పోయాడు. అన్నయ్య ఊళ్ళో లేకపోతే అంత్యక్రియలకి వదినని నేనే తీసుకెళ్ళాను. చర్చి బయట ఒక పొడుగాటి మనిషి మా వైపు వచ్చాడు. జుట్టు పలచబడింది. ఇళ్ళకి హీటర్లు బిగించే పని చేస్తున్నాడట, ఇద్దరు ఆడపిల్లలట. మొదట అత్తయ్యగారి క్షేమం అడిగాడు. తర్వాత నవ్వుతూ అన్నాడు: "నన్ను ట్రేడ్ చేసిన రోజు మా అమ్మ ఊరంతా ఫోన్లు చేసింది. అంత పెద్ద ప్లేయర్‌ని ఇచ్చి నన్ను తీసుకున్నారంటే నేనెంత బాగా ఆడుతున్నానో కదా అని. నా లైఫ్‌లో బెస్ట్ డే అది."

వదిన పెదవులు కదిలాయి. అసలు సంగతి చెప్పేస్తుందేమో అనుకున్నాను. "అవును, చాలా బాగా ఆడేవాడివి" అంది. వాడు వంగి ఆవిడని దగ్గరికి తీసుకుని, వెళ్ళి పెట్టె మోసేవాళ్ళలో కలిశాడు.

తిరుగు దారిలో మొక్కజొన్న చేలు దాటాం. "ఆ ఒక్కటీ తప్పు లెక్క అయి ఉంటే ఎంత బాగుండేది" అంది వదిన, కిటికీ వైపు చూస్తూ. వాడు ఆ రోజుని పండగలా దాచుకుని ముందుకి వెళ్ళిపోయాడు, వదిన అదే రోజు దగ్గర ఇంకా నిలబడే ఉంది. కాలం అందరినీ ఒకేసారి దాటిస్తుందనుకుంటాం గానీ, కొందరిని గట్టునే వదిలేసి పోతుంది.