మొగ తెగిన రోజు

“మొగ తెగింది భాయ్! మామ పోయినాడు.”

సూళ్లూరుపేటలో మా ఎండు రొయ్యల అంగడి ముందు సైకిలు పడేసి, పాలెం నుంచి వచ్చిన మనిషి ఒకే ఊపిరిలో చెప్పిన మాటలివి. మొదటి మాటకు నా మొహం విప్పారింది. రెండోది చెవిన పడింది గానీ బుర్రకెక్కలేదు. “ఎక్కడికి పోయినాడు?” అని అడిగాను. అతను తుండుగుడ్డ నోటికి అడ్డం పెట్టుకున్నాడు. యా అల్లా! ఇప్పటికీ నాకు నమ్మబుద్ధి కావడం లేదు.

మామ మాకు చుట్టం కాదు. పులికాట్ సరస్సు ఒడ్డున చేపలు పట్టే పాలేనికి పెద్ద. మా నాన్న కాలం నుంచి అంగడికి సరుకు అక్కడి నుంచే. మొగ అంటే సరస్సు సముద్రంలో కలిసే చోటు. రొయ్య సముద్రంలో గుడ్లు పెడితే, పిల్లలు పోటు మీద ఆ దారినే సరస్సులోకి వచ్చి పెరుగుతాయి. అది ఇసుకతో పూడిందంటే రొయ్యా లేదు, పాలెమూ లేదు, మా అంగడీ లేదు.

మామ నోరు మంచిది కాదు. గుడ్లతో ఉన్న పీత ఎవరి వలలోనైనా కనబడితే వాడి ఏడు తరాల వాళ్లనూ తలుచుకునేవాడు. “కడుపుతో ఉండేదాన్ని కూర వండుకుంటావంట్రా? సిగ్గు లేదా?” అంటూ తనే నీళ్లలో వదిలేవాడు. ఒకసారి మా నాన్న, గూడబాతులు సగం చేపలు మింగేస్తున్నాయని, టపాకాయలు కాల్చి తోలించమన్నాడు.

“తోలమంటే తోలతా సాయిబా. అవి రెట్టేసిన నీళ్లలో నాచు మొలస్తాది. ఆ నాచు తిని రొయ్య బలుస్తాది. రేపట్నుంచి నువ్వొచ్చి ఆ పని చేస్తావా?”

నాన్న నవ్వలేక చచ్చాడు. ఆ తర్వాత మా ఇంట్లో ఏ పెళ్లి జరిగినా ఈ కబురు చెప్పుకోవాల్సిందే.

ఈ ఏడు మొగ పూర్తిగా పూడిపోయింది. ఎండాకాలానికి నీళ్లు నోట పెట్టలేనంత ఉప్పయ్యాయి. చచ్చిన చేపలు ఒడ్డుకు కొట్టుకొచ్చాయి, పక్షులు మొహం చాటేశాయి. పాలెంలో చాలా ఇళ్లలో ఒంటిపూటే పొయ్యి వెలిగింది. వానలు పడి సరస్సు నిండగానే మామ అందరినీ కూర్చోబెట్టాడు.

“వరద నీళ్లుండగానే తవ్వాల. మనం తోవ చూపిస్తే చాలు, నీళ్లే ఇసకను తోసుకుపోతాయి. ఒక్కటి మాత్రం వినండి. పిల్ల రొయ్య లోపలికొచ్చినాక, అది పెరిగేదాకా ఎవడూ వల దించకూడదు. ఆకలిగా ఉండారని నాకు తెలుసు. దించినారంటే నేను అడ్డం కూర్చుంటా.”

ఊరంతా పారలూ గంపలూ పట్టుకుని దిగింది. తవ్వగా మిగిలిన చివరి ఇసుక కట్ట చెమ్మగిల్లి కదలగానే అందరూ గట్టెక్కేశారు. మామ కూడా ఎక్కాడు. కింద పార మిగిలిపోయిందని మళ్లీ దిగాడు. పార కోసమండీ! ఏ ఇంట్లో అడిగినా ఇచ్చే పార! సరస్సు ఒక్కసారిగా విరుచుకుపడి ఆయన్ని సముద్రంలోకి తీసుకుపోయింది. పడవలన్నీ వెతికాయి. మనిషి దొరకలేదు.

నేను వెళ్లేసరికి వరద తగ్గి, పోటు లోపలికి తిరిగింది. నీళ్ల నిండా పిల్ల రొయ్యలు, సూదుల్లా సన్నగా, లెక్కలేనన్ని. ఒకతను కొత్త నైలాను వల భుజాన వేసుకుని వచ్చాడు. వెనకాల వాడి పిల్లలిద్దరు. వాళ్ల మొహాలు చూశాక వద్దనడానికి నాకు నోరు రాలేదు. ఒడ్డున ఉన్నవాళ్లూ తలలు దించుకున్నారు.

మొగ దగ్గర అత్త, మామ భార్య, ఇసుకలో కూర్చుని ఉంది.

“ఏందబ్బయా, వలా?”

“పిల్లోళ్లు పస్తుండారత్తా. మామ ఉంటే అడిగేవోడినే...”

“మీ మామ ఇంకా ఇంటికి రాలేదు. వచ్చినాక అడిగి వెయ్యి. పిల్లోళ్లను మా ఇంటికి తోలు, గంజి ఉండాది.”

అతను వల మడిచాడు. అత్త సముద్రం వైపు తిరిగి కూర్చుంది. చేతులకు గాజులు అలాగే ఉన్నాయి.